గౌరయ్య మాట వినడు

మూడేళ్ల కిందట మిర్యాలగూడలో మేము పై పోర్షన్ కిరాయికి తీసుకున్న రోజు, ఇంటావిడ సైదమ్మ తాళంచెవితో పాటు కొన్ని సంగతులు కూడా చేతిలో పెట్టింది.

"నల్లా పొద్దుగాల ఆరింటికొస్తది. మోటరు స్విచ్చి గీడుంటది. మా ఆయన మాట ఇనడు. ఏదన్న ఉంటె నాకే చెప్పు బిడ్డా."

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ధ్వని పాఠం ఏటా రెండు సెక్షన్లకు చెప్పి, ఇంటికొచ్చి అదే మెట్ల మీద అదే వాక్యం కనీసం వందసార్లు విని ఉంటాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మన భాషలో 'వినడు' అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి చెవికి సంబంధించింది, రెండోది పొగరుకు సంబంధించింది. పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయిన మగవాడి గురించి భార్య ఆ మాట అంటే, మొదటి అర్థం ఎవరికి గుర్తొస్తుంది?

సైదమ్మ భర్త గౌరయ్యది దామరచర్ల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ల వయసులో బస్తాలు మోయడానికి మిర్యాలగూడ రైస్ మిల్లుకు వచ్చాడు. బస్తా వీపు మీద ఉన్నా చూపు మిషన్ మీదే ఉండేదట. ఒక పాత మేస్త్రీ అది గమనించి పానా చేతికిచ్చాడు. ఇప్పుడు ఆయనకు యాభై రెండేళ్లు. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా పదకొండు మిల్లుల్లో మిషన్‌కు జబ్బు చేస్తే గౌరయ్యకే కబురు.

మిల్లు నడుస్తున్నప్పుడు ఎక్కడో ఏదో తేడాగా మోగుతుంది. బేరింగు అరిగిందా, షాఫ్టు వంగిందా, పునాది బోల్టు వదులైందా అన్నది విప్పకుండా చెప్పగలగాలి. విప్పితే ఆ రోజు మిల్లు పడుకున్నట్టే. దానికి ఫిట్టర్లందరూ చేసేది ఒకటే: పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను మిషన్‌కు ఆనించి, పిడిని చెవి రంధ్రం దగ్గర పెట్టుకుంటారు. గౌరయ్య మాత్రం పిడిని చెవి వెనక ఎముకకు గట్టిగా అదిమి కళ్లు మూసుకుంటాడు. రెండు నిమిషాలయ్యాక, "ఎడమ దిక్కు బేరింగు. ఒక గోళీ పెచ్చు లేసింది" అంటాడు. విప్పి చూస్తే అదే. మిగతా ఫిట్టర్లు కొందరు తామూ ఎముకకు పెట్టుకుని చూశారు. చుట్టూ ఉన్న మిల్లు రొద తప్ప వాళ్లకు ఏమీ తెలియలేదు. అది గౌరయ్యకు దేవుడిచ్చిన చెవి అని తేల్చుకుని ఊరుకున్నారు. అప్పటి నుంచి ఆయన పేరు చెవుల గౌరయ్య.

ఆ చెవుల చుట్టూ గౌరవాలు కూడా పెరిగాయి. ఇతరులు గొంతు తగ్గించి చెప్పే చాడీలకు బదులివ్వడు కాబట్టి పెద్దమనిషి. చాయ్ హోటల్లో ఎవరైనా పక్కన కూర్చుని గుసగుసగా కడుపులో బాధ చెప్పుకుంటే, చివరిదాకా తల ఊపి, ఆ సంగతి మళ్లీ ఎక్కడా ఎత్తడు కాబట్టి నమ్మదగినవాడు. ఒకసారి మిల్లులో బెల్టు తెగి ఆయన వెనక రేకు గోడకు కొట్టుకుందట. హమాలీలందరూ బయటికి ఉరికారు. గౌరయ్య వెనక్కి తిరిగి కూడా చూడకుండా బోల్టు బిగించుకుంటున్నాడు. ఆ ధైర్యం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మా వరకు వస్తే, ఈ ఏడు కిరాయి పెంచకండి అని మావారు మెల్లగా అడిగితే "ఊఁ" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాం.

ఇంట్లో ఆయన మాట్లాడేది దాదాపు ఆ ఒక్క మాటే. సైదమ్మది పత్తిలాంటి మెత్తటి గొంతు. వంటింట్లోంచి ఆమె ఏదో అంటుంది. వరండాలో ఆయన "ఊఁ" అంటాడు. ఆమె మళ్లీ అంటుంది. ఆయన మళ్లీ "ఊఁ" అంటాడు.

"మిల్లుల అందరి మాట ఇంటడు బిడ్డా," అని ఆమె నా దగ్గర వాపోయేది. "సద్ది తీస్కపోయినప్పుడు నా కండ్లతోటి సూసిన. గంత మోతల హమాలోళ్లతోటి నవ్వుకుంట మాట్లాడుతుండు. ఇంటికొస్తే రాయి. మోతల మందివి ఇనబడ్తయి గని, సప్పుడు లేని ఇంట్ల పెండ్లాం మాట ఇనడు. గిసొంటోణ్ని యాడన్న సూసినవా?"

లేదన్నాను. ఫిజిక్స్‌లో పీజీ చేసిన నేను, ఆమె ఇంత స్పష్టంగా రోగ లక్షణాలన్నీ వరసగా చెప్తుంటే, "మగవాళ్లంతా అంతే ఆంటీ" అన్నాను.

పోయిన భాద్రపదంలో ఒక సాయంత్రం, మా పాప రూపకు కిటికీ దగ్గర అన్నం తినిపిస్తుంటే కింద మాటలు వినిపించాయి.

"నేను సచ్చినా నీకేం ఫరక్ పడదు గదా?"

"ఊఁ."

"అయితే పోత. చిలుకూరు మా తమ్మునింటికి పోత. మళ్ల రాను."

"ఊఁ, కానియ్యి."

మరునాడు పొద్దున్నే ఆమె ఒక సంచితో బస్సెక్కింది. పది గంటలకు గౌరయ్య మెట్ల కింద నిలబడి నన్ను పిలిచాడు.

"మేడమ్, మా ఇంటామె యాడికి పోయింది?"

నాకు ఒళ్లు మండింది. "మీకు చెప్పే వెళ్లారు కదా! కానియ్యి అన్నారు కదా!"

ఆయన నా మొహం వంక చూశాడు. అందులో కోపం మాత్రం అర్థమైనట్టుంది. "ఊఁ" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులకు నేను సూర్యాపేటలో ఒక చెవి డాక్టరు దగ్గర ఉన్నాను. పని నా కూతురిది. దానికి పదకొండో నెల. కుక్కర్ విజిల్ వేసినా నిద్ర లేవలేదని నాకు భయం పట్టుకుంది. స్పూన్, పళ్లెం, తాళాలగుత్తి, గంట, ఇలా పదకొండు ప్రయోగాలు చేశాను. పదింటికి తల తిప్పింది. పదకొండోది, నేను పేరు పెట్టి పిలవడం. దానికి తిప్పలేదు. పదకొండింట పది వస్తే ఏ శాస్త్రజ్ఞుడైనా సంతోషంగా నిద్రపోతాడు. నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. తిరుమలగిరి నుంచి మా అత్తయ్య వచ్చి, "పిల్ల మంచిగుంది. పరేషాన్ నీకే" అని చెప్పినా వినకుండా ఆమెను కూడా వెంట తెచ్చాను.

కాగితం రాసుకునే అమ్మాయి అత్తయ్యను అడిగింది: "పాప మాట వింటుందా?"

"యాడ ఇంటదమ్మా!" అంది అత్తయ్య మురిసిపోతూ. "అస్సలు ఇనదు. ఇటు రమ్మంటే అటు పాకుతది. అంతా వాళ్ల నాయిన పోలిక."

ఆ అమ్మాయి రాసుకుంది: వినదు. తండ్రికి కూడా అదే సమస్య.

నేను కౌంటర్ మీదికి వంగి ఆ రెండు మాటలూ కొట్టేయించేసరికి చెమటలు పట్టాయి. తర్వాత మూడు నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. పాప చెవులు బంగారంలా ఉన్నాయన్నారు. నేను ఇంకోసారి చేయమని అడిగాను. ఇంకోసారి కూడా బంగారమే అన్నారు.

బయటికొస్తుంటే చివరి బెంచీ మీద, తల మీంచి తువ్వాలు కప్పుకుని గౌరయ్య కనిపించాడు. మిర్యాలగూడలో చెవి డాక్టర్లు లేక కాదు. అక్కడ ఏ దవాఖానలో కూర్చున్నా పక్కన మిల్లు మనిషి ఒకడుంటాడు. నర్సు ఆయన పేరు నాలుగుసార్లు పిలిచింది. ఆయన గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఏందయ్యా, పిలిస్తే మాట వినవా!" అని ఆమె విసుక్కుంది.

ఆ మాట అంతవరకు వందసార్లు విన్న నాకు, ఆ వరండాలో, చెవి బొమ్మ వేలాడుతున్న గోడ కింద, అప్పుడు అర్థమైంది. వెళ్లి భుజం తట్టాను. ఉలిక్కిపడి చూసి, "మేడమ్, మీరు నన్ను సూడలే" అన్నాడు.

"చూశాను."

"సూడలే అనుకోండ్రి."

డాక్టరు నన్ను ఆయన కూతురనుకుని లోపలికి రమ్మన్నాడు. మా ల్యాబులో ఉండేలాంటి శృతిదండాన్నే, రెండు కాళ్ల ఇనుప కడ్డీని, మోచేతికి కొట్టి గౌరయ్య చెవి పక్కన పట్టుకున్నాడు. గౌరయ్య మర్యాదగా చూస్తూ కూర్చున్నాడు. ఏమీ వినబడలేదు. అదే కడ్డీ మొదలును చెవి వెనక ఎముకకు ఆనించాడు. గౌరయ్య మొహం వెలిగింది.

"మంచిగ ఇనబడ్తుంది సార్. కొత్త మోటరు లెక్క, ఏం తేడా లేదు."

డాక్టరు చెప్పింది తేలికగానే అర్థమయ్యే విషయం. శబ్దమంటే వణుకు. మిషన్ వణికితే గాలి వణుకుతుంది, గాలి వణుకు చెవి లోపలి పొరను కదిలిస్తుంది, పొర వెనక మూడు చిన్న ఎముకలు ఆ కదలికను ఒకదాన్నుంచి ఒకటి అందుకుని లోపలికి చేరుస్తాయి. మూడోది అన్నిటికంటే చిన్నది, మన నూక గింజంత. గౌరయ్యకు రెండు చెవుల్లోనూ ఆ నూకగింజ బిగుసుకుపోయింది. గాలి దారి మూసుకుపోయింది. లోపలి చెవి మాత్రం నిక్షేపంగా ఉంది. పుర్రె ఎముక ద్వారా వణుకు పంపితే నేరుగా అందుకుంటుంది.

"అంటే బేరింగు జామ్ అయింది," అన్నాడు గౌరయ్య, నేను గట్టిగా చెప్పాక. "గ్రీజు పెడ్తె కాదా?"

"కాదు. మార్చాలి. చిన్న ఆపరేషన్. ఆ ఎముక తీసి సన్నటి పిస్టన్ పెడతాం," అన్నాడు డాక్టరు కూడా గొంతు పెంచి.

"పిస్టనా!" ఆ మాటతో ఆయనకు డాక్టరు మీద గౌరవం కలిగింది.

డాక్టరు ఇంకొకటి అన్నాడు: ఇన్నేళ్లు మిల్లుల్లో పనిచేసిన వాళ్లకు ఆ రొదకు లోపలి చెవే చెడిపోతుంది, దానికి మందు లేదు. ఈయనకు మూసుకుపోయిన దారే దూదిలా అడ్డుపడి లోపలి చెవిని కాపాడింది. "రొద ఉన్నచోట జనం గొంతు పెంచుతారు. రొద మీకు పెద్దగా తెలియదు, పెంచిన గొంతు తెలుస్తుంది. అందుకని మిల్లులో మీకు మాటలు బాగా వినబడతాయి, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో వినబడవు. అవునా?"

గౌరయ్య ఆయన్ని జాతకం చెప్పిన పంతులును చూసినట్టు చూశాడు. నేను నేల వంక చూశాను. సైదమ్మ ఇదే మాట, ఇదే వరసలో, ఫీజు తీసుకోకుండా మూడేళ్లుగా నాకు చెప్తోంది.

బస్టాండులో గౌరయ్య మమ్మల్ని చెరుకురసం మిషన్ పక్కకు తీసుకుపోయాడు. అది దడదడలాడుతోంది. "గీడ మాట్లాడుకుందాం మేడమ్. గీడ మంచిగ ఇనబడ్తది." అత్తయ్య పాప చెవులు మూసింది.

"సైదమ్మ గారికి డాక్టరిచ్చిన పరీక్ష కాగితం చూపించండి. సాయంత్రానికల్లా వచ్చేస్తారు!" అని అరిచాను.

"సూపిస్తె తమ్మునికి చెప్తది. వాళ్ల తమ్ముడు కిషన్ కోదాడ మిల్లుల హమాలీ మేస్త్రీ. ఆడ శ్యాంసుందర్ సేటుకు తెలుస్తది. చెవుల గౌరయ్యకు చెవుల్లేవంట అని తెల్లారేసరికి పదకొండు మిల్లుల చెప్పుకుంటరు. ఇగ నన్నెవడు పిలుస్తడు?"

"చెప్పకపోతే ఆమె రారు కదా!"

"ఊఁ," అన్నాడు. ఈసారి వినే అన్నాడు.

చెరుకు పిప్పి వంక చూస్తూ, "ఆరేండ్ల సంది మాట ఇననోని లెక్క బతుకుతున్న మేడమ్. ఇననోనికి ఇజ్జత్ ఉంటది. ఇనబడనోనికి ఏముంటది?" అన్నాడు.

ధ్వని పాఠంలో ఆ ప్రశ్న రాదు.

వారం తర్వాత కిషన్ కబురు పంపాడు. ఆదివారం కోదాడ దగ్గరి చిలుకూరులో పెద్దమనుషుల ముందు కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోవాలని, తేలకపోతే అక్క తన దగ్గరే ఉంటుందని. గౌరయ్య నన్ను తోడు రమ్మన్నాడు. "కాయిదం మీ దగ్గర్నే ఉండనియ్యండ్రి. నేను తలకాయ ఊపితేనే తియ్యాలె." పాపను అత్తయ్యకు అప్పజెప్పి, ల్యాబు నుంచి ఒక శృతిదండం సంచిలో వేసుకుని బయల్దేరాను.

కిషన్ ఇంటి ముందు రేకుల పందిరి కింద కుర్చీలు వేసి ఉన్నాయి. నడిమి కుర్చీలో ఉన్న పెద్దమనిషిని చూసి గౌరయ్య అడుగు వెనక్కి వేశాడు. ఆయన కోదాడ మిల్లు యజమాని శ్యాంసుందర్. కిషన్ తన గొప్ప కనబడాలని సేటునే పిలిచాడు. పక్కన గోడకు ఆనుకుని సైదమ్మ మేనత్త ఆండాలు, డెబ్భై దాటిన ముసలమ్మ, వక్క నములుతోంది. తలుపు దగ్గర సైదమ్మ.

ఆదివారం మధ్యాహ్నం. మోటర్లు లేవు, మిల్లు లేదు, రోడ్డు మీద ట్రాక్టరు కూడా లేదు. గౌరయ్యకు అంతకంటే చెడ్డ చోటు ఉండదు. పైగా పెద్దమనుషుల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడటం మర్యాద.

"ఏమయ్యా గౌరయ్యా," అన్నాడు శ్యాంసుందర్ హుందాగా, లోగొంతుతో. "ఆమె ఏం తప్పు చేసిందని మాట వినట్లేదు నువ్వు?"

"ఊఁ."

"అంటే వినట్లేదని ఒప్పుకుంటున్నావా?"

"ఊఁ."

"ఇకమీదట కూడా వినవా?"

"ఊఁ."

"సూసిండ్రా సేటూ! మీ ముంగటనే గింత బలుపు!" కిషన్ కుర్చీలోంచి లేచాడు. మళ్లీ సేటు ముందు ఉన్నానని గుర్తొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "బావా, ఒక్క మాట చెప్పు. మా అక్కను ఇడిసిపెడ్తవా?"

గౌరయ్య నోరు ఆ అక్షరానికి సిద్ధమవడం నాకు కనిపించింది. కూర్చున్న చోటు నుంచి సగం లేచాను. కానీ ఆయన నన్ను చూడటం లేదు. తలుపు దగ్గర సైదమ్మను చూస్తున్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, ఆ 'ఊఁ' కోసం ఎదురుచూస్తోంది. ఏం అడిగారో ఆయనకు తెలియదు. ఆమె మొహం మాత్రం తెలిసింది.

నోరు మూసుకున్నాడు. సేటు వంక ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు: "జర గట్టిగ చెప్పు కిషన్. నాకు ఇనబడ్తలేదు."

కిషన్ సేటు వైపు తిరిగాడు.

"ఆరేండ్ల సంది ఇనబడ్తలేదు. ఇనకపోవుడు గాదు. ఇనబడకపోవుడు."

నేను అనుకున్నాను, అయిపోయింది, ఇక కష్టమైన పని అంతా అయిపోయిందని. శ్యాంసుందర్ నవ్వడం మొదలుపెట్టాడు.

"భలే చెప్పావయ్యా! చెవుల గౌరయ్యకు చెవుడా? మొన్న కూడా మా మిల్లులో, అంత రొదలో, నేను అల్లంత దూరం నుంచి చెప్తే విన్నావు కదా! నాకే సరిగా వినబడదు అక్కడ. నీకు చెవుడంటే నేను సాక్ష్యం చెప్తాను, కాదని."

ఎవరికి తెలియకూడదని గౌరయ్య ఆరేళ్లు కాపురాన్ని పణంగా పెట్టాడో, ఆ మనిషే నమ్మడం లేదు. నేను కాగితం తీశాను. దాని మీద రెండు గీతలున్నాయి. పైది ఎముక గీత, కిందిది గాలి గీత అని చెప్పాను. సేటు అటూ ఇటూ తిప్పి చూసి షేర్ మార్కెట్‌లా ఉందన్నాడు.

"గీతలు సూపెట్టి మొగోణ్ని బయట పడేస్తున్నవా టీచరమ్మా?" అంది ఆండాలు.

ఇక ప్రయోగం ఒక్కటే దిక్కు. శృతిదండం తీశాను. దాన్ని రబ్బరు మీదనే కొట్టాలి, ఇనుముకు కొడితే చెడిపోతుంది. చుట్టూ రబ్బరు ఏదీ కనబడక, వంగి కాలి చెప్పు చేతిలోకి తీసుకున్నాను. కుర్చీలన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. కిషన్, "మేడమ్, మేడమ్, కూసొని మాట్లాడుకుందాం" అన్నాడు.

చెప్పు మడమకు కొట్టి, మోగుతున్న కడ్డీని గౌరయ్య చెవి పక్కన పట్టుకున్నాను. "లేదు," అన్నాడు. ఎముకకు పెట్టాను. "ఇనబడ్తుంది," అన్నాడు. అందరికీ అర్థమయ్యేలా మళ్లీ చేశాను. గాలిలో లేదు. ఎముకకు ఉంది.

ఆండాలు వక్క ఉమ్మేసి వచ్చి తీర్పు చెప్పింది. "ఒకదిక్కు పెడ్తె ఇనబడ్తది, ఇంకోదిక్కు పెడ్తె ఇనబడదు. పనికొచ్చేది ఇనబడ్తది, పనికి రానిది ఇనబడదు. గిది ఏం కొత్త రోగమే? మీ మామకు నలబై ఏండ్లు ఉండె."

పందిరి కింద అందరూ నవ్వారు. అక్కడ నా శాస్త్రం ఆగిపోయింది. ఒక మనిషికి వినబడిందో లేదో ఆ మనిషే చెప్పాలి. చెప్పే మనిషి మాట నమ్మకపోతే ప్రయోగం లేదు.

సైదమ్మ తలుపు దగ్గరి నుంచి కదిలింది. మెల్లగా నడిచి వచ్చి గౌరయ్య కుర్చీ వెనక, ఆయనకు కనబడకుండా నిలబడింది.

గౌరయ్యకు చనిపోయిన తల్లి అంటే దేవత. సైదమ్మ కాపురానికొచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో అత్తగారి గురించి ఒక్క చెడ్డమాట పుట్టలేదు. ఒకసారి బంధువెవరో ఆ తల్లి కాళ్లు వంకర అన్నందుకు గౌరయ్య రెండేళ్లు వాళ్ల గడప తొక్కలేదు. ఇది చిలుకూరులో కూడా అందరికీ తెలుసు.

సైదమ్మ తన మెత్తటి గొంతుతో, ఎప్పుడూ మాట్లాడేంత గట్టిగానే, అంది: "మీ అవ్వ కాసిన పప్పుచారు కుక్కగూడ ముట్టకపోతుండె."

కిషన్ గుడ్లు తేలేశాడు. గౌరయ్య ఎదురుగా మేస్తున్న కోడిపెట్టను చూస్తున్నాడు.

"నా పెండ్లికి పెట్టిన ముక్కుపుల్ల గిల్టుది. నాకు గా దినమే ఎరుక."

కోడిపెట్ట పందిరి కిందికి వచ్చింది. గౌరయ్య కాలు కొంచెం పక్కకు జరిపి దానికి దారిచ్చాడు.

"తీర్థం పోతున్నమని చెప్పి, బిడ్డ ఇంటికి పోయి నెల దినాలు కోడికూర తిన్నది మీ అవ్వ. వచ్చి ఉపాసమున్న అని చెప్పింది."

"ఓయమ్మో!" అని ఆండాలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. సేటు మీసం కింద నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. గౌరయ్య ఆ మొహాలన్నీ వరసగా చూసి, నా వైపు తిరిగాడు. "ఏమైంది మేడమ్? ఆమె ఏమన్న అంటుందా?"

అప్పుడు నవ్వు ఆగిపోయింది. కిషన్ బావ మొహం చూసి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. సైదమ్మ ముందుకు వచ్చింది. చెంపలు తడిగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పెంచని గొంతు పెంచింది.

"ఆరేండ్లు చెప్పకపోతివేందయ్యా!"

కోడిపెట్ట ఎగిరి గోడెక్కింది. గౌరయ్యకు వినబడింది.

"చెప్తె నువ్వు ఊకుంటవు. గీ సేటు ఊకుంటడా?"

అందరం సేటు వంక చూశాం. శ్యాంసుందర్ లేచి చొక్కా సర్దుకున్నాడు. నవ్వు ఇప్పుడు లేదు. కిషన్ దగ్గరికి వంగి, మర్యాదగా, తగ్గు గొంతుతో అన్నాడు. "చెవులే లేనివాడి చేతిలో అంత మిషన్ ఎట్లా పెట్టమంటావు? ఇన్నాళ్లు ఏదో అదృష్టం బాగుంది. ఇక రావొద్దని చెప్పు."

ఇన్నాళ్లూ అదృష్టమే అయితే వరసగా ఆరేళ్లు ఎలా వచ్చిందని అడగాలనిపించింది. సేటు మాట గౌరయ్యకు చేరలేదు. సైదమ్మకు చేరింది. ఆమె భర్త చెవి దగ్గర నోరు పెట్టి, ఊరంతా వినేలా అనువదించింది.

"నిన్ను ఇగ మిల్లుకు రావొద్దంటుండు!"

గౌరయ్య తల ఊపాడు. "ఊఁ" అనలేదు. "తెల్సు," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్లి సంచి తెచ్చుకుంది.

తర్వాతి సంగతులు చిన్నవి. పదకొండు మిల్లుల్లో నాలుగు పిలవడం మానేశాయి, ఇప్పటికీ పిలవలేదు. మిగతా ఏడింట్లో ఒక సేటు తన ఫిట్టరుకు కూడా అలా ఎముకతో వినిపించేలా ఏదైనా ఆపరేషన్ ఉందా అని నన్ను అడిగించాడు. డాక్టరు వడ్ల సీజన్ అయ్యాక రమ్మని తేదీ ఇచ్చాడు. ఆపరేషన్ అయితే మిల్లు రొద కూడా లోపలికి వస్తుంది, చెవుల్లో దూది పెట్టుకుని పనిచేయాలి అన్నాడు. అంటే తెరిపించి మళ్లీ మూసుకోవాలన్నమాట. గౌరయ్య ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఆ సాయంత్రం మాత్రం ముగ్గురం కోదాడలో మిర్యాలగూడ బస్సెక్కాం. వాళ్లిద్దరూ ముందు, ఇంజను పక్కనున్న సీట్లో కూర్చున్నారు. నేను వాళ్ల వెనక. పాత బండి, కిటికీ అద్దాలు గజగజ వణుకుతున్నాయి. ఆ మోతలో సైదమ్మ అరవక తప్పదు. అరిచింది గనక ఆయనకు ప్రతి మాటా వినబడింది.

"ఆరేండ్లల్ల ఏమేం చెప్పినవో జర మళ్ల చెప్పు," అన్నాడు.

"అన్ని యాదుంటయా?"

"యాదున్నయే చెప్పు."

ఆమె మొదలుపెట్టింది. ఇంటి వెనక గోడ సంగతి, మోకాలి నొప్పి, చెల్లెలి కొడుకు పెళ్లికి ఒక్కతే వెళ్లడం. ఆయన ఒక్కోదానికి జవాబు చెప్పాడు, కొన్నిటికి కొట్లాడాడు కూడా. "గది నేనేడన్నా? నేను ఊఁ అంటె ఒప్పుకున్నట్టా?" అని ఆయన, "మరి ఊఁ అంటె ఏమన్నట్టు?" అని ఆమె. కండక్టర్ వచ్చి, "పెద్దమ్మా, జర మెల్లగ, ఫోన్ మాట్లాడ్తున్న" అని చెప్పి వెళ్లాడు.

హుజూర్‌నగర్ బస్టాండులో డ్రైవర్ బండి ఆపి, ఇంజను బంద్ చేసి చాయ్‌కి దిగాడు. ఆమె గొంతు ఆగలేదు.

"...దసరాకు కట్టుకున్న చీర మంచిగుందా అని అడిగితే ఊఁ అంటివి. మంచిగున్నట్టా, లేనట్టా!"

నిశ్శబ్దమైన బస్సులో ఆ మాట ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లింది. అందరూ తలలు తిప్పి, జవాబు కోసం గౌరయ్య వంక చూశారు. సైదమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు పూర్తిగా తగ్గించి ఇంకేదో అంది.

గౌరయ్య ఆమె వైపు వంగి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"బండి స్టార్ట్ కానియ్యి. మళ్ల చెప్దువు."

డ్రైవర్ చాయ్ తాగి వచ్చేదాకా ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.